11,286 దగ్గర ముల్లు: మా బెంచ్‌టాప్ ఎక్స్‌రే స్పెక్ట్రోమీటర్ గురించి

బెంగళూరులో మా ల్యాబ్‌కి ఇది కొత్తగా వచ్చినప్పుడు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ దీని గొప్పే చెప్పాను. ఇందోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ (భారీ ఎక్స్‌రే యంత్రం) మీద బీమ్‌టైమ్‌కి ప్రపోజల్ రాసి ఎదురుచూడక్కర్లేదు, ఇరిడియం ఎల్3 అంచు (ఎక్స్‌రే శక్తి పెంచుతూ పోతే ఇరిడియం శోషణ ఒక్కసారిగా ఎగిసే చోటు) మన గదిలోనే కనిపిస్తుంది అని. ఆ మాట వెనక్కి తీసుకోను. కాకపోతే ఏ సేల్స్ మనిషీ చెప్పని సంగతి ఒకటుంది.

మాది నీటి నుంచి ఆక్సిజన్ తీసే ఇరిడియం ఉత్ప్రేరకాల పని. సీపీ స్టార్ అనే కర్బన వలయం అంటుకున్న ఇరిడియం కాంప్లెక్సులో సోడియం పెరియోడేట్ అనే ఆక్సీకరణి కలిపితే నీలం రంగొస్తుంది కదా, ఆ నీలంలో ఉన్నది అణువా, ఇరిడియం ఆక్సైడ్ నలుసులా అన్నదే గొడవంతా. ఆక్సీకరణ స్థితి తెలిస్తే సరిపోదు, ఇరిడియం పక్కన ఏ పరమాణువు ఎంత దూరంలో ఉందో ఎక్సాఫ్స్ (అంచు దాటాక శోషణలో వచ్చే అలలు) చెప్పాలి.

మొదట్లో స్పెక్ట్రం కడిగిన ముత్యంలా వచ్చేది. వాడగా వాడగా అంచుకి 71 ఎలక్ట్రాన్ వోల్టుల పైన, అంటే 11,286 దగ్గర, ఒక గంటు మొదలైంది. ఒక పాయింటు పైకి, పక్కది కిందికి. కొత్త బంధమేమోనని పిల్లలు సంబరపడ్డారు. ఇరిడియం రేకు పెట్టినా అదే గంటు. శాంపిల్ తీసేసి స్కాన్ చేస్తే ఏకంగా నిలువు శిఖరం! మా సీనియర్ ఒకాయన, ఒంగోలు మనిషి, తెర చూసి "టంగ్‌స్టన్ రా బాబూ, ఎల్ గామా" అన్నారు.

"మనది వెండి ఆనోడ్ కదండీ?"

"ఆనోడ్ వెండే. ఫిలమెంట్ దేంతో చేస్తారు?"

అదీ కథ. ఎక్స్‌రే ట్యూబులో వేడెక్కిన ఫిలమెంట్ నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు ఆనోడ్‌ని తాకితేనే ఎక్స్‌రేలు పుడతాయి. ఆ ఫిలమెంట్ నుంచి టంగ్‌స్టన్ కూడా కొద్దికొద్దిగా ఆవిరై ఆనోడ్ మీద పేరుకుని, తన సొంత ఎక్స్‌రే గీతను 11,286 దగ్గర వెలువరిస్తుంది, అదే ఎల్ గామా. శోషణ లెక్కకి శాంపిల్ ఉన్న స్కాన్‌నీ లేని స్కాన్‌నీ ఒకదానితో ఒకటి భాగిస్తాం, కాబట్టి ఆ గీత రెండిట్లోనూ ఒకేలా ఉంటే పోవాల్సిందే. కానీ మా మెషీన్‌లో ఆ రెండు స్కాన్లూ ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. మధ్యలో శక్తి స్కేలు వెంట్రుకవాసి జరిగినా గంటు మిగిలిపోతుంది. పైగా అది పడేది కె విలువ (ఎక్సాఫ్స్ అలల్ని లెక్కించే కొలత) 4.3 దగ్గర, ఆక్సిజన్, కార్బన్, నైట్రోజన్ సంకేతం బలంగా ఉండే చోట. ఆ పాయింట్లు కోసేసి ఫిట్ చేస్తే నాకు నిద్ర పట్టదు. కంపెనీకి ఫోన్ చేస్తే "స్పెసిఫికేషన్ లోపలే ఉంది సార్" అన్నారు. ఉంది మరి, కాదనలేను!

విసుగొచ్చి 12,824 దగ్గరి ఎల్2 అంచుకి మారాను. టంగ్‌స్టన్ ఎల్ గీతలేవీ అంత పైకి రావు. 13,419లో ఎల్1 అడ్డొస్తుంది కాబట్టి ఎక్సాఫ్స్‌కి చోటు దాదాపు 600 ఎలక్ట్రాన్ వోల్టులే, అంచు ఎత్తూ తక్కువే. అయినా రెండు అంచుల వైట్ లైన్ల (అంచు మీదే లేచే శిఖరాల) నిష్పత్తి చేతికొచ్చింది. ఇరిడియం 5డి ఎలక్ట్రాన్లలో స్పిన్-ఆర్బిట్ ప్రభావం (స్పిన్‌కీ కక్ష్య చలనానికీ ఉన్న లంకె) ఎంతో అది చెబుతుంది. ట్యూబు బాగుండి ఉంటే నేను ఎల్2 వైపు తిరిగి చూసేవాణ్ణే కాదు.

వైట్ లైన్‌కి గంటు దూరం కాబట్టి ఆక్సీకరణ స్థితి వరకు దీన్ని ఇప్పటికీ నమ్ముతాను. మేం ద్రావణం ఆరబెట్టి పొడి కొలుస్తాం, పొడికి కొదవ లేదు, కాబట్టి మాకు గిట్టుబాటే. మిల్లీమోలార్ ద్రావణాన్ని పని చేస్తుండగానే చూడాలంటే మాత్రం ఇందోర్ రైలెక్కాల్సిందే. ఇరిడియం కోసమే కొనేవాళ్లు డెమోలో శాంపిల్ లేని స్కాన్ అడగండి, అదీ కొత్త ట్యూబుతో కాదు, ఎక్కడో కొన్నేళ్లుగా నడుస్తున్న దానితో.