కస్టమరే అంటించుకునే రేడియం అక్షరాలు: నాలుగేళ్ల వాడకం తర్వాత

బండ్లకూ అద్దాలకూ అంటించే వినైల్ స్టిక్కర్ ఫిల్మ్‌ని మన ఊళ్లలో రేడియం అంటారు, రేడియం అందులో రవ్వంత లేకపోయినా. ఇక్కడ చెప్పేది ప్లాటర్ (కంప్యూటర్‌తో నడిచే కట్టింగ్ మెషీన్) మీద కట్ చేసి, అనవసరపు ఫిల్మ్ పీకేసి, అక్షరాలన్నీ వరసగా పట్టి ఉంచే అప్లికేషన్ టేప్ పైన వేసి కస్టమర్ చేతికిచ్చి పంపే అక్షరాల గురించి. ఫిల్ములు ఒరకల్ బ్రాండువి, 651, 631 రకాలు. టేపులు మూడు రకాలు: ఒక మోస్తరు జిగురున్న కాగితపు టేప్, గట్టి జిగురున్న కాగితపు టేప్, పారదర్శక ప్లాస్టిక్ టేప్. చెయ్యి తిరిగినవాడు అంటిస్తే వీటిలో ఏదైనా నిలుస్తుంది. కస్టమరే అంటించుకున్నప్పుడు పని చెడేది చాలావరకు టేప్ దగ్గరే.

ఫిల్ముల గురించి ముందు క్లుప్తంగా. 651 మెరుపు ఫిల్మ్, 63 మైక్రాన్ల మందం, పర్మనెంట్ జిగురు. షాపు అద్దానికి, కారు వెనక గ్లాసుకి, స్టీలు బోర్డుకి ఇదే. 631 మ్యాట్, 80 మైక్రాన్లు, తర్వాత తీసేయడానికి వీలైన జిగురు. ఇంటి లోపలి గోడలకు. కాస్త మందం కాబట్టి కొత్త చేతుల్లో 631 తక్కువ ముడత పడుతుంది. అలాగని బండి మీదికి అది ఇవ్వకండి. హెల్మెట్, రివెట్లున్న బస్సు బాడీ లాంటి వంపులకు రెండూ పనికిరావు, వంపుకి సర్దుకునే కాస్ట్ ఫిల్మ్ కావాలి.

పారదర్శక టేప్ కస్టమర్లకు ఇష్టం, అక్షరాలు ఎక్కడ పడుతున్నాయో కనిపిస్తుంది కదా. కానీ ప్లాస్టిక్ కాబట్టి లాగితే సాగుతుంది, దాంతో వరస వంకర పోతుంది. గాలి బయటికి పోదు, బుడగలు మిగులుతాయి. గట్టి జిగురు కాగితం బ్యాకింగ్ (ఫిల్మ్ వెనకుండే కాగితం) మీంచి అక్షరాలను చక్కగా లేపుతుంది, అద్దం మీద మాత్రం వదలదు. టేప్ పీకితే అక్షరాలూ వెంటే వచ్చేస్తాయి. బయటికిచ్చే పనికి మోస్తరు జిగురు కాగితమే సరైంది. పెన్సిల్‌తో మధ్య గీత, పైగీత దాని మీదే గీసివ్వొచ్చు. అక్షరాల చుట్టూ అన్ని వైపులా 2 సెంటీమీటర్ల టేప్ ఎక్కువ వదలాలి, లేకపోతే పట్టుకోవడానికి చోటుండదు.

తెలుగు అక్షరాలతో ఇంగ్లిషుకి లేని ఒక చిక్కుంది. ‘శ్వ’లో వ ఒత్తు విడి ముక్క. కస్టమర్ టేప్ లేపినప్పుడు పెద్ద అక్షరం వచ్చి ఒత్తు బ్యాకింగ్ మీదే ఉండిపోతుంది, అద్దానికి అంటించాక గానీ తెలియదు. సున్నా లోపలి గుండ్రటి ముక్క పీకకుండా వదిలేస్తే ‘ం’ నిండు చుక్కలా కనిపిస్తుంది. డీటీపీ ఫాంట్లలో గుణింతపు గుర్తులు అక్షరం మీదికి ఎక్కి ఉంటాయి. కట్టింగుకి పంపేముందు వెల్డ్ చేయకపోతే, అంటే కంప్యూటర్‌లో రెండిటినీ ఒకే ఆకారంగా కలపకపోతే, కత్తి ఆ అతుకుల్లోంచి కోసేస్తుంది. అక్షరం ఎత్తు 25 మిల్లీమీటర్లకు తక్కువైతే ఒత్తులున్న పేర్లు కస్టమర్ చేతికివ్వకపోవడమే మేలు. ఇవ్వక తప్పకపోతే ఒత్తులు మాత్రం ఇంకో సెట్టు కట్ చేసి అదే కవర్లో పెట్టండి, ఖర్చు పైసల్లోనే.

కాగితం మీద రాసిచ్చే సూచనల్లో అన్నిటికంటే పనికొచ్చేది ఇది: టేపుని బ్యాకింగ్ మీంచి లాగొద్దు, బ్యాకింగునే టేప్ మీంచి లాగండి. షీటు బోర్లా పెట్టి, వెనక నుంచి పాత ఏటీఎం కార్డుతో గట్టిగా రుద్ది, బ్యాకింగుని దాని మీదికే మడిచినట్టు మెల్లగా వెనక్కి లాగాలి. ఏదైనా ముక్క బ్యాకింగుతో వస్తుంటే అక్కడ ఆపి, మళ్లీ మూసి, రుద్ది లాగాలి. ఒత్తులు ఉండిపోవడం దీంతో దాదాపు ఆగిపోతుంది.

అద్దం తుడవడంలోనూ పొరపాట్లు ఎక్కువే. పాత జిగురు పోవడానికి కిరోసిన్ వాడతారు, సరే, కానీ అది నూనె పొర వదిలిపోతుంది. ఆ పైన గిన్నెల సబ్బు నీళ్లు, చివర్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి నూలుగుడ్డతో ఆరేదాకా తుడవాలి. కొత్త పెయింటయితే కనీసం మూడు వారాలు ఆగాలి, లేకపోతే లోపలి ద్రావకం ఆవిరై ఫిల్మ్ కింద బుడగలు లేపుతుంది. సున్నం గోడకీ, చేతికి పొడి రాలే డిస్టెంపర్‌కీ అంటదు. మరకలు అంటని రకం పెయింట్ మీదా నమ్మకం లేదు. పాలిథిన్ నీళ్ల ట్యాంకు మీదైతే అడిగినా వద్దనే చెప్పండి.

అంటించే సమయం పొద్దున్న ఎండ ముదరకముందు. మే నెల మధ్యాహ్నం కాలిన అద్దానికి తగలగానే పట్టేస్తుంది, సరిచేసుకునే వీలుండదు. 30 సెంటీమీటర్లు దాటిన పేరుకి మధ్యలో నిలువుగా ఒక మాస్కింగ్ టేప్ ముక్క వేసి ఆపి, ముందు ఒక సగం బ్యాకింగ్ తీసి అంటించి, ఆ టేప్ పీకి రెండో సగం పూర్తి చేయాలి. మధ్య నుంచి అంచులకు రుద్దాలి. తర్వాత అప్లికేషన్ టేప్ పీకేటప్పుడు నిట్టనిలువుగా కాదు, 180 డిగ్రీలు వెనక్కి మడిచి, అద్దానికి ఆనించినట్టే లాగాలి.

ముందు నీళ్లు చల్లి తడి మీద అంటించే పద్ధతి పెద్ద బొమ్మలకే. అర లీటరు నీళ్లలో రెండు మూడు చుక్కల బేబీ షాంపూ చాలు. ఎక్కువైతే జిగురు పట్టదు. నీళ్లు పిండేశాక అరగంటైనా ఆగకుండా టేప్ పీకితే అన్నీ లేచొస్తాయి. అంత ఓపిక ఉండే కస్టమర్లు అరుదు, కాబట్టి చిన్న పేర్లకు పొడిగానే చెప్పండి. మిగిలిన చిన్న బుడగలు ఎండకు కొన్ని రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. పెద్దవైతే అంచు దగ్గర సూదితో గుచ్చి నొక్కాలి, బ్లేడుతో కోయకూడదు.

లోపలి నుంచి అంటించే అద్దం పనికి అక్షరాలు తిరగేసి కట్ చేయాలి. ఆర్డర్ తీసుకునేటప్పుడే “బయటివైపా, లోపలివైపా?” అని అడగండి, తిరిగొచ్చే ఆర్డర్లలో ఈ తప్పుకు పెద్ద వాటా ఉంది. నంబర్ ప్లేటు అక్షరాలు అడిగితే మాత్రం ఒప్పుకోవద్దు. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బండ్లకు హైసెక్యూరిటీ ప్లేటే ఉండాలి.

టేప్ వేసిన అక్షరాలు నెలల తరబడి నిల్వ పెట్టొద్దు, టేప్ అంచులు లేచి అక్షరాలు కదులుతాయి. పార్సిల్ చేస్తే అక్షరాలవైపు బయటికి ఉండేలా, కనీసం 3 అంగుళాల గొట్టానికి చుట్టాలి. అంటించాక 24 గంటలదాకా కడగకూడదు. సర్వీసింగ్‌లో ప్రెజర్ నీళ్లు నేరుగా అక్షరం అంచు మీద పడకుండా చూడమని చెప్పండి.