పికప్‌కు ఆల్-టెర్రైన్ టైర్లు: ట్రెడ్ కంటే ముందు సైడ్‌వాల్ చదవాలి

పికప్ ట్రక్కుకు ఆల్-టెర్రైన్ టైర్లు ఎంచుకునేవారిలో చాలామంది ముందుగా ట్రెడ్ (నేలను తాకే రబ్బరు భాగం) బ్లాకుల ఆకారం చూస్తారు, ఆ తరువాత ధర అడుగుతారు, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద అచ్చయిన అంకెల దగ్గరికి చివర్లో వస్తారు, లేదా అసలు రానే రారు. నా దృష్టిలో ఈ వరుస తిరగబడాలి. పేరున్న కంపెనీల ట్రెడ్‌ల మధ్య నేడు కనిపించే తేడా కంటే, ఒకే కొలతలో వచ్చే రెండు రకాల నిర్మాణాల మధ్య ఉన్న తేడాయే బండి నడకను ఎక్కువగా మారుస్తుంది.

బీఎఫ్‌గుడ్రిచ్ 1976లో రేడియల్ ఆల్-టెర్రైన్ టైరును తెచ్చినప్పటి నుంచి ఈ తరగతి ఉద్దేశం పెద్దగా మారలేదు. ఎక్కువ కాలం తారురోడ్డు మీదే తిరిగే బండి, అవసరం పడినప్పుడు కంకర బాటనూ మెత్తటి మట్టినీ తడి గడ్డినీ కూడా దాటి రావాలి. ఆ సంస్థవే అయిన కేఓ2, కేఓ3లతో పాటు ఫాల్కెన్ వైల్డ్‌పీక్, టోయో ఓపెన్ కంట్రీ, యొకొహామా జియోలాండర్ శ్రేణుల్లోని ఏటీ (ఆల్-టెర్రైన్) టైర్లన్నీ ఈ కోవకు చెందినవే.

ఎల్‌టీ265/70ఆర్17 121/118ఎస్ అన్న ముద్రను తీసుకుందాం. 265 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 70 అంటే ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో చెప్పే అంకె, 17 అంటే అంగుళాల్లో రిమ్ వ్యాసం. అసలు సంగతి మొదటి రెండు అక్షరాల్లోనూ, చివరి అంకెల్లోనూ ఉంది. ఎల్‌టీ అంటే తేలికపాటి ట్రక్కుల కోసం తయారైన టైరు. లోడ్ ఇండెక్స్ 121 అంటే ఒక్కో టైరు 1,450 కిలోలు మోయగలదు. 118 అన్నది వెనుక ఇరుసుకు ఒక్కో పక్కన రెండేసి చక్రాలున్న బండికి వర్తించే 1,320 కిలోల లెక్క. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగ పరిమితి. ఇదే కొలతలో ప్యాసింజరు (కారు తరహా) రకం సాధారణంగా 115 ఇండెక్స్‌తో, అంటే 1,215 కిలోల సామర్థ్యంతో దొరుకుతుంది. పైగా అటువంటి టైరును పికప్‌కు బిగించినప్పుడు ఆ సామర్థ్యాన్ని 1.1తో భాగించాలని అమెరికా ప్రమాణాలు చెబుతాయి కనుక, ఆ లెక్కన మిగిలేది దాదాపు 1,105 కిలోలే.

ఇది చదివి ఎల్‌టీ టైరే మేలని తేల్చేయడం తొందరపాటు అవుతుంది. 1,450 కిలోలన్నది లోడ్ రేంజ్ ఇ (ఎల్‌టీ టైర్లకు బలాన్ని బట్టి ఇచ్చే తరగతుల్లో ఒకటి) టైరులో 80 పీఎస్‌ఐ గాలి ఉన్నప్పటి మాట. డ్రైవరు తలుపు పక్కన అంటించిన స్టిక్కరు మీద 35 పీఎస్‌ఐ అని ఉంటే, అది ఫ్యాక్టరీలో బిగించిన టైరుకు చెప్పిన ఒత్తిడి. అదే 35 పీఎస్‌ఐ దగ్గర ఎల్‌టీ టైరు, దాని దళసరి నిర్మాణానికి విరుద్ధంగా అనిపించినా, ప్యాసింజరు టైరు కంటే తక్కువ బరువే మోస్తుంది. అందువల్ల కంపెనీ ఇచ్చే లోడ్ పట్టిక చూసి గాలి పెంచుకోవాలి. గాలి పెంచితే, తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు వెనుక భాగం ప్రతి గతుకుకూ ఎగిరిపడుతుంది. ఇక దుకాణాల్లో గొప్పగా చెప్పే ‘పది ప్లై’ (ఈ లోడ్ రేంజ్ ఇకే మరో పేరు) అన్నది నూలు దారాలతో టైర్లు కట్టిన కాలం నుంచి వచ్చిన బలం కొలమానమే తప్ప, నేటి టైరులో నిజంగా పది పొరలు ఉండవు. లోడ్ రేంజ్ ఇ టైరు బరువు కూడా ఎక్కువే. ఆ బరువు మైలేజీలోనూ, స్టీరింగు స్పందనలోనూ తెలుస్తుంది. తరచుగా బరువులు మోసేవారికి, ట్రెయిలరు లాగేవారికి, పదునైన రాళ్ల మీద నడిపేవారికి ఇది పెట్టవలసిన ఖర్చే. మిగిలినవారికి తగిన లోడ్ ఇండెక్స్ ఉన్న ప్యాసింజరు రకం ఏటీ టైరే హాయిగా ఉంటుందని నా అభిప్రాయం.

ట్రెడ్ విషయంలో నేను చూసేది బ్లాకుల మధ్య ఖాళీ. ఖాళీ ఎక్కువైతే బురదను విదిల్చుకునే శక్తి పెరుగుతుంది. తారురోడ్డును తాకే రబ్బరు తగ్గి మోత కూడా పెరుగుతుంది. బ్లాకుల మీది సన్నని గాట్లు తడి నేల మీదా, మంచు మీదా పట్టునిస్తాయి. గాడి అడుగున చిన్న రబ్బరు గుబ్బలు ఉన్నాయేమో వంగి చూడటం మంచిది: అవి గాడిలో ఇరుక్కున్న రాయిని లోపలికి దిగబడనీయకుండా బయటికి నెడతాయి. అవి లేని టైరుతో కంకర బాట నుంచి రోడ్డెక్కితే, టకటకమనే చప్పుడు ఎంతో దూరం వెంట వస్తుంది. ఏది ఏమైనా లోతైన బురదలో ఏటీ టైరు గాడులు త్వరగానే పూడుకుపోతాయి. ఆ పని మడ్-టెర్రైన్ టైరుది. అలాగే, తడిసిన తారురోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు మంచి హైవే టైరు ఆగినంత దగ్గరలో ఆగుతుందని ఆశించకూడదు. కంపెనీల ప్రకటనలు ఈ చివరి మాట చెప్పవు.

మంచు కురిసే చోట నడిపేవారు ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని అర్థం) అన్న అక్షరాలతో తృప్తిపడకూడదు. వాటిని కంపెనీ తనంతట తాను వేసుకోవచ్చు. మూడు శిఖరాల కొండలో మంచు రేకు ఉన్న గుర్తు మాత్రం మంచు మీద పరీక్షలో నెగ్గితేనే వస్తుంది. కేఓ2, జియోలాండర్ జీ015 లాంటి వాటికి ఆ గుర్తు ఉంది. గడ్డకట్టిన నున్నని మంచు మీద మాత్రం ఈ గుర్తూ భరోసా ఇవ్వదు.

చూపుకు నిండుగా ఉంటుందని ఒక కొలత పెంచాలనుకునేవారు ముందు చిన్న లెక్క వేసుకోవాలి. 265/70ఆర్17 వ్యాసం దాదాపు 803 మిల్లీమీటర్లు, 285/70ఆర్17 వ్యాసం దాదాపు 831. తేడా మూడున్నర శాతం. అంటే అంతకుముందు స్పీడోమీటరు సరిగ్గానే చూపుతూ ఉంటే, ఇప్పుడు అది 100 చూపినప్పుడు బండి 103కు పైనే పోతుంటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి, రివర్సులోనూ చూసి, ఫెండరు లోపలి ప్లాస్టిక్కుకు టైరు రాసుకోవడం లేదని నిర్ధారించుకున్నాకే డబ్బు చెల్లించడం మంచిది.

కొన్న తరువాత ఈ టైర్లు కాస్త సేవ కోరతాయి. ఎనిమిది నుంచి పది వేల కిలోమీటర్లకు ఒకసారి చక్రాల స్థానాలు మార్చకపోతే బ్లాకుల అంచులు ఎగుడుదిగుడుగా అరుగుతాయి. అరచేతితో ట్రెడ్‌ను నిమిరి చూస్తే, ఒక దిక్కున నున్నగా జారే చెయ్యి, ఎదురు దిక్కున రంపపు పళ్లను తాకినట్టు గరుకుగా ఆగుతుంది. ఆ దశకు వచ్చాక పుట్టే హోరును బ్యాలెన్సింగు పోగొట్టలేదు. ఇసుకలో పట్టు కోసం 20 పీఎస్‌ఐ దాకా గాలి తగ్గించుకోవచ్చు గానీ, తిరిగి వేగంగా నడిపే ముందు నింపుకోవడానికి పంపు బండిలోనే ఉండాలి.

బిగించే ముందు సైడ్‌వాల్ మీది డాట్ (DOT) ముద్రలోని చివరి నాలుగు అంకెలను ప్రతి టైరు మీదా విడివిడిగా చదవాలి; 2324 అని ఉంటే 2024లో 23వ వారపు తయారీ. ఫోర్-వీల్ డ్రైవు బండికైతే నాలుగు కాదు, ఐదు టైర్లు ఒకే రకంవి కొని, స్టెప్నీని కూడా మార్పిడి వరుసలో చేర్చాలి. కొత్త స్టెప్నీ పక్కన అరిగిన మూడు చక్రాలు తిరిగితే, వ్యాసాల తేడా భారమంతా డిఫరెన్షియల్ (ఇరుసు మీది చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) మీదా, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే భాగం) మీదా పడుతుంది.