డబ్బు కట్టినవారికి తుపాకీ అందించే పద్ధతి: రెండు షూటింగ్ రేంజ్‌ల అనుభవం

ఈ యాత్రలో ప్రయాణం, బస సాఫీగానే సాగాయి కనుక వాటి గురించి చెప్పవలసినదేమీ లేదు. చెప్పవలసినదంతా మేము వెళ్ళిన రెండు షూటింగ్ రేంజ్‌ల గురించే. మాలో ఎవరమూ అంతకుముందు తుపాకీ ముట్టుకున్నవాళ్ళం కాము. ఉత్సాహమంతా కాలేజీలో చదువుకుంటున్న మా మేనకోడలిది. కూతురి మాట కాదనలేక బావగారు వచ్చారు. అక్క మాత్రం కూర్చుని చూస్తానని ముందే చెప్పేసింది. మొదటి రేంజ్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు కారులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు.

అక్కడ పేచీ కౌంటర్ దగ్గరే మొదలైంది. లేన్ (నిలబడి కాల్చే చోటు) అద్దె, రైఫిల్ అద్దె, పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్ళు), కాగితపు టార్గెట్లు, చివరికి కళ్ళకు పెట్టుకునే రక్షణ అద్దాలు కూడా విడివిడిగా లెక్క కట్టేసరికి రశీదులోని మొత్తం బోర్డు మీద రాసిన రుసుముకు రెట్టింపు దాటింది. అద్దాలు లేకుండా లేన్‌లోకి అడుగు పెట్టనివ్వనప్పుడు వాటికి వేరే అద్దె ఎందుకని బావగారు అడిగితే, ‘అందరూ కడుతున్నారు కదండీ’ అన్నదే సమాధానం. అంతవరకూ అయితే సరిపెట్టుకునేవాళ్ళమే.

లేన్ దగ్గర ఉన్న సిబ్బంది ఒకాయన మా పేర్లు అడగలేదు, ఇదివరకు ఎప్పుడైనా కాల్చారా అని కూడా అడగలేదు. గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ రైఫిల్‌లో పెల్లెట్ వేసి మా మేనకోడలి చేతిలో పెట్టి, ‘ఆ చుక్క కనబడుతోందా, నొక్కేయమ్మా’ అన్నాడు. మొదటిది టార్గెట్ కాగితానికే తగలలేదు. ‘ఇటివ్వు, చూపిస్తాను’ అంటూ రైఫిల్ లాక్కుని వరుసగా మూడుసార్లు తానే కాల్చి, కాగితం వైపు చూసి మురిసిపోయాడు. ఆ మూడు పెల్లెట్లూ మేము డబ్బు కట్టి కొనుక్కున్న పదిలోనివి. తరువాత ఆమె ఏదో సందేహం అడగబోయి రైఫిల్‌తో సహా వెనక్కి తిరిగింది. గొట్టం సరాసరి వాళ్ళ అమ్మ కూర్చున్న బెంచీ వైపు మళ్ళింది. అప్పుడు మాత్రం హాలంతా దద్దరిల్లేలా అరిచి, గొట్టం పట్టుకుని పక్కకు నెట్టాడు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ క్షణంలో అరవడాన్ని నేను తప్పుపట్టను. ప్రమాదం ఎదురైనప్పుడు మర్యాదలు చూసుకుంటూ కూర్చోకూడదు. అయితే గొట్టాన్ని ఎప్పుడూ టార్గెట్ వైపే ఉంచాలని, మాట్లాడాలనుకుంటే ముందు రైఫిల్‌ను బల్ల మీద పెట్టాలని అతను ఒక్క మాటైనా చెప్పి ఉంటే, అరవవలసిన అవసరమే వచ్చేది కాదు. అమెరికాకు చెందిన శిక్షకుడు జెఫ్ కూపర్ ప్రచారంలోకి తెచ్చిన నాలుగు సూత్రాలు ఈ రంగంలో అందరికీ తెలిసినవే: ప్రతి తుపాకీలోనూ గుండు ఉన్నట్టే భావించాలి, నాశనం చేయదలచుకోని దేని వైపూ గొట్టం తిప్పకూడదు, గురి కుదిరేవరకు ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు, టార్గెట్‌నూ దాని వెనక ఉన్నదానినీ చూసుకోవాలి. ఇవి చెప్పడానికి నిమిషం కూడా పట్టదు. ఆ నిమిషం మిగుల్చుకోవడం వల్లనే అక్క ఆ సాయంత్రమంతా బావగారితో ముభావంగా ఉంది.

బావగారిది ఎడమచేతి వాటం. ఆ సంగతి చెబితే ఆ మొదటి రేంజ్‌వాళ్ళు, ‘కుడిచేత్తోనే కాల్చాలి సార్, లేకపోతే కుదరదు’ అని నవ్వారు. హంగరీకి చెందిన కారోయ్ టాకాచ్ 1938లో గ్రెనేడ్ పేలి కుడిచేయి పోగొట్టుకున్నాడు. ఎడమచేత్తో సాధన చేసి 1948లోనూ 1952లోనూ ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. షూటింగ్ నేర్పే చోట పనిచేసేవారు ఎడమచేతిని చూసి నవ్వడం వింతగానే ఉంటుంది.

రెండో రేంజ్‌కు మేనకోడలు రానంది, బతిమాలి తీసుకువెళ్ళాము. అక్కడ రుసుము మొదటి చోట బోర్డు మీద ఉన్నదానికి సుమారు ఒకటిన్నర రెట్లు. అయితే అద్దాలు, పెల్లెట్లు, టార్గెట్లు, శిక్షకురాలి సమయం అన్నీ అందులోనే కలిసి ఉన్నాయి, కనుక నిజానికి మాకు అయిన ఖర్చు తక్కువే. ఆ శిక్షకురాలు నడివయసు స్త్రీ, గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ముందు అందరినీ బల్ల దగ్గర నిలబెట్టి, ఖాళీ రైఫిల్‌ను తెరిచి లోపల పెల్లెట్ లేదని చూపించి, మమ్మల్ని కూడా చూడమన్నారు. ఎవరైనా ఏ క్షణంలోనైనా ‘ఆపండి’ అనవచ్చునని, ఆ మాట వినగానే అందరూ వేలు తీసేయాలని చెప్పారు. ఆ తరువాత ఒక్కొక్కరినీ రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు ఉంచి, రెండు కళ్ళూ తెరిచి అందులోంచి దూరాన ఉన్న గడియారాన్ని చూడమన్నారు. ఒక కన్ను మూస్తే గడియారం కనబడుతూనే ఉండి, రెండోది మూస్తే మాయమైతే, మాయమైనప్పుడు మూసిన కన్నే గురికి పనికివచ్చేది. బావగారికి ఎడమకన్నే బలమైనదని తేలింది. ఆయనకు ఎడమచేతి రైఫిల్ తెచ్చిచ్చారు.

నిలబడే తీరు సరిదిద్దే ముందు మా మేనకోడలిని, ‘భుజం మీద చేయి వేసి సరిచేయవచ్చా అమ్మా?’ అని అడిగారు. నాకు ఆ రేంజ్‌లో అన్నిటికంటే నచ్చినది ఇదే. తుపాకీ పట్టుకున్న మనిషిని వెనక నుంచి హఠాత్తుగా తాకడం మర్యాదకే కాదు, భద్రతకు కూడా విరుద్ధం. పెల్లెట్ లేకుండా చాలాసేపు ట్రిగ్గర్ నొక్కించారు. ఊపిరి కొంత వదిలి ఆపాలని, పేలిన తరువాత కూడా కాసేపు గురి కదపకూడదని చెప్పారు.

తరువాత అసలు కాల్చినప్పుడు మా మేనకోడలి పెల్లెట్లన్నీ కాగితం మీద ఎడమవైపు కింద గుంపుగా పడ్డాయి. ఆమె ముఖం చిన్నబుచ్చుకోగానే శిక్షకురాలు, ‘అన్నీ ఒకచోట పడ్డాయంటే నీ పని నువ్వు చేశావు, మధ్యలోకి తేవడం నా పని’ అంటూ వెనక సైట్ (గురి చూసే భాగం) మరలు తిప్పి, దాన్ని కొద్దిగా పైకీ కుడివైపుకూ జరిపి ఇచ్చారు. ఆ తరువాతి పెల్లెట్ నల్లని భాగంలో పడింది. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీల్లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమేనని, పెల్లెట్టే 4.5 మిల్లీమీటర్లు ఉంటుందని ఆవిడ చెబుతుంటే, మొదటి రేంజ్‌లో చుక్క తప్పగానే ఆ పిల్ల చేతిలోంచి రైఫిల్ లాక్కున్న తీరు గుర్తుకు వచ్చి నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. బయటకు వెళ్ళే ముందు సబ్బుతో చేతులు కడుక్కోమని కూడా ఆవిడే గుర్తు చేశారు. పెల్లెట్లు సీసంతో చేసినవి కనుక వాటిని పట్టుకున్న చేతులతో ఏమీ తినకూడదట. మొదటి చోట కడుక్కోవడానికి కుళాయి ఎక్కడుందో కూడా ఎవరూ చూపించలేదు.

కాల్చిన కాగితాలను మడతపడకుండా చుట్టి ఇచ్చారు. చూస్తానని వచ్చిన అక్క చివర్లో తానూ ప్రయత్నిస్తానని లేచింది.

ఏ రేంజ్‌కు వెళ్ళదలచినవారైనా ముందుగా ఫోను చేసి, రుసుములో ఏవేవి కలిసి ఉన్నాయో, కొత్తవారి పక్కన శిక్షకులు పూర్తిసేపు నిలబడతారో లేదో అడగండి. పొడిగా సమాధానం వస్తే అటు వెళ్ళకండి. ఎడమచేతి వాటం ఉంటే ఆ సంగతి అప్పుడే చెప్పండి. మేము వెళ్ళిన మంచి చోట కూడా అలాంటి రైఫిల్ ఒక్కటే ఉంది; దాని కోసం బావగారు పక్క లేన్‌లోని కుర్రవాడి వంతు అయ్యేదాకా ఓపికగా నిలబడవలసి వచ్చింది.