రాత్రి ఫొటోలు స్టాక్‌కి అమ్మాలంటే నికాన్ డీ750 ఇప్పటికీ చాలు

2014లో వచ్చిన కెమెరాకి ఇప్పుడు రివ్యూ ఎందుకని అడుగుతారేమో. స్టాక్ సైట్లకి, అంటే మన ఫొటోలు అమ్మిపెట్టే సైట్లకి, రాత్రి ఫొటోలు పంపేవాళ్లలో చాలామందికి ఒకే అనుభవం ఎదురవుతోంది. ఫోన్‌లో చూస్తే ఫొటో అదిరిపోతుంది, పంపాక మాత్రం నాయిస్ (చీకటి చోట్ల కనిపించే చుక్కలు) అనో ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) బాలేదనో తిరిగొస్తుంది. అక్కడ దాన్ని 100 శాతం జూమ్ చేసి చూస్తారు మరి. కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాకి లక్షలు పెట్టలేనివాళ్లు సెకండ్ హ్యాండ్‌లో డీ750 బాడీ తీసుకుంటే ఈ బాధ చాలావరకు తీరుతుందని గట్టిగా చెప్తాను.

అసలు కారణం ఇందులో ఉన్న హైలైట్ వెయిటెడ్ మీటరింగ్, అంటే ఫ్రేమ్‌లో బాగా వెలుగున్న చోట్లని బట్టి ఎక్స్‌పోజర్ లెక్కేసే పద్ధతి. మామూలు మ్యాట్రిక్స్ మీటరింగ్ ఫ్రేమ్ మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటుంది, రాత్రిపూట ఫ్రేమ్‌లో ముప్పాతిక భాగం చీకటే కాబట్టి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, దాంతో వీధి దీపాలు, కిటికీలు తెల్లటి ముద్దలైపోతాయి. అలా కాలిపోయిన చోట ఇక డేటా ఉండదు, ఏ సాఫ్ట్‌వేర్ కూడా వెనక్కి తేలేదు. హైలైట్ వెయిటెడ్ మోడ్‌లో పెడితే కెమెరా మొదట దీపాల వెలుగు కాలిపోకుండా కాపాడుతుంది. వెనక స్క్రీన్ మీద ఫొటో చాలా చీకటిగా కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 100లో, 14 బిట్ రా (RAW, సెన్సర్ డేటా మొత్తం ఉంచే ఫైల్) ఫార్మాట్‌లో తీసి ఉంటే నీడల్ని రెండు మూడు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు) పైకి లేపినా శుభ్రంగా ఉంటుంది, ఈ సెన్సర్ గొప్పతనమే అది. ఒక్క షరతు, లెన్స్ నికాన్ వాళ్ల జీ (G), ఈ (E) లేదా డీ (D) టైపుది అయ్యుండాలి, పాత మాన్యువల్ లెన్స్ వేస్తే ఈ మీటరింగ్ పనిచేయదు.

హైదరాబాద్ దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గర నిలబడితే ఇంకో సంగతి తెలుస్తుంది. కేబుళ్ల మీద రంగులు మారుతూ ఉంటాయి కదా, నీలం లైట్లు వెలిగినప్పుడు మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫు, కుడి అంచుకి తాకితే కాలిపోయినట్టే) చూస్తే అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది, ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ తెరిస్తే నీలం ఛానెల్ ఒక్కటీ కుడి గోడకి అతుక్కుపోయి ఉంటుంది. ఆ ఫొటోని జూమ్ చేస్తే కేబుల్ గీతలు విడివిడిగా కనపడవు, ఒకటే నీలం పట్టీ. అందుకే పిక్చర్ కంట్రోల్‌ని (ఫొటో రంగులు, కాంట్రాస్ట్ మార్చే సెట్టింగ్) కాంట్రాస్ట్ తక్కువుండే ఫ్లాట్‌లో పెట్టి, మూడు ఛానెళ్లూ విడివిడిగా చూసుకుని, ఏ రంగు అంచు దాటుతుంటే దాన్ని బట్టి షట్టర్ టైమ్ తగ్గించాలి. హిస్టోగ్రామ్ కెమెరా తయారుచేసే జేపెగ్ ఫొటోని బట్టి వస్తుంది కాబట్టి ఫ్లాట్‌లో ఉంటేనే రా ఫైల్‌కి కాస్త దగ్గరగా ఉంటుంది.

24 మెగాపిక్సెళ్లు కూడా కలిసొస్తాయి. అడోబ్ స్టాక్‌కీ షట్టర్‌స్టాక్‌కీ కనీసం 4 మెగాపిక్సెళ్లుంటే చాలు, కొంచెం నాయిస్ మిగిలితే సైజు సగానికి తగ్గించి పంపొచ్చు. అన్నట్టు, ఎక్స్‌పోజర్ ఎంత కుదిరినా షాపుల లోగోలు కనిపిస్తే కమర్షియల్ లైసెన్స్‌కి తీసుకోరు. ఈఫిల్ టవర్ రాత్రి లైటింగ్‌కి కాపీరైటే ఉంది.

నచ్చనివీ ఉన్నాయి. బటన్లకి లైటు లేదు, చీకట్లో తడుముకోవాలి. మిర్రర్‌లెస్‌లో వ్యూఫైండర్‌లోనే ఎక్స్‌పోజర్ కనిపిస్తుంది, ఇందులో ఫొటో తీశాకే తెలుస్తుంది. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఎక్కువ సేపు తీసే ఫొటోల్లో నాయిస్‌ని కెమెరాయే తగ్గించే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే 30 సెకన్ల ఫొటో తర్వాత ఇంకో 30 సెకన్లు ఆగాలి, సూర్యాస్తమయం తర్వాత ఆకాశం మంచి నీలంగా ఉండేదే అరగంట, దాన్ని అలా పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు, ఆఫ్ చేసేస్తాను. ఎక్స్‌పోజర్ డిలే మోడ్ మాత్రం ఎప్పుడూ 3 సెకన్లలో ఉంచండి, అద్దం లేచే కుదుపు ఆగాకే షట్టర్ తెరుచుకుంటుంది.

కొనేముందు ట్రైపాడ్ బిగించే కంతలోకి టార్చి వేసి చూడండి. ఫ్రేమ్ పైఅంచు దగ్గర బలమైన లైటు ఉంటే వింత ఆకారంలో ఫ్లేర్ (ఫొటో మీద లైటు మరక) వచ్చే సమస్య మొదట్లో కొన్ని డీ750ల్లో ఉండేది, నికాన్ దాన్ని ఒప్పుకుని ఉచితంగా సరిచేసింది. సరిచేసిన వాటికి ఆ కంతలో నల్ల చుక్క ఉంటుంది. షట్టర్ విషయంలో కూడా రీకాల్ జరిగింది, అందుకని సీరియల్ నంబర్ అడిగి నికాన్ సైట్‌లో చూసుకున్నాకే డబ్బులివ్వండి.