స్ట్రేంజర్ థింగ్స్: మొదటి సీజనా, నాలుగో సీజనా?

2022లో నాలుగో సీజన్ రాగానే నెట్‌ఫ్లిక్స్ హారర్ సిరీస్ స్ట్రేంజర్ థింగ్స్ ప్రేక్షకులు రెండుగా చీలారు. తొలినాటి చిన్న కథే మేలని కొందరు, ఈ భారీతనమే కావాలని మరికొందరు.

2016లో వచ్చిన మొదటి సీజన్‌లో ఎనిమిది భాగాలే. 1983 నాటి అమెరికాలో హాకిన్స్ అనే చిన్న ఊరు, కనిపించకుండా పోయిన ఒక పిల్లవాడు. గోడ మీద అక్షరాలు రాసి, వాటిపై రంగు దీపాలు వేలాడదీసి కొడుకుతో మాట్లాడాలని తపించే తల్లి జాయిస్‌ను చూస్తుంటే భయమూ దుఃఖమూ ఒకేసారి ముంచుకొస్తాయి. పిల్లవాణ్ణి ఎత్తుకెళ్లిన రాక్షసుడు తెర మీదికి వచ్చేది తక్కువ, అందుకే గుబులు ఎక్కువ. సైకిళ్లు, వాకీటాకీలు అలంకారాలు కావు, అతని కోసం వెతికే స్నేహితుల బతుకు.

నాలుగో సీజన్ హాకిన్స్, కాలిఫోర్నియా, రష్యాల మధ్య తిరుగుతుంది. చివరి భాగం రెండు గంటలు దాటింది. రష్యా జైలు ఘట్టాన్ని సాగదీశారన్న ఫిర్యాదు న్యాయమైనదే.

కానీ ఆ సీజన్‌లో మాక్స్ అనే అమ్మాయి సంగతి వేరు. సవతి అన్న చావుకు తానే కారణమేమోనన్న అపరాధభావం ఆ అమ్మాయిని లోలోపల తినేస్తుంటే, ఈ సీజన్ విలన్ వెక్నా సరిగ్గా అక్కడే దెబ్బ కొడతాడు. అతని పట్టు నుంచి ఆమెను వెనక్కి లాగేది బ్రిటన్ గాయని కేట్ బుష్ 1985లో పాడిన పాట. ఈ సీజన్ తర్వాత, 37 ఏళ్లకు, అది బ్రిటన్ పాటల చార్టులో మొదటి స్థానానికి చేరింది. ఆ పాట వచ్చేనాటికి పుట్టనివాళ్లు కూడా దాన్ని తమదిగా చేసుకున్నారు.

మొత్తంగా చూస్తే నా ఓటు మొదటి సీజన్‌కే. ఒక్క భాగమే ఎంచుకోమంటే మాత్రం, సందేహం లేకుండా ఈ పాట మాక్స్‌ను కాపాడే నాలుగో సీజన్‌లోని నాలుగో భాగం.