చీనీ తోటలో బ్రష్ కట్టర్: కొన్నేళ్లు వాడిన అనుభవం

అనంతపురం జిల్లా నార్పల వైపు మాది పదెకరాలకు పైబడిన చీనీ (బత్తాయి) తోట. ఎర్ర నేల, అడుగడుగునా గులకరాళ్లు, అన్ని సాళ్లకూ డ్రిప్పు. ఇంత తోటలో గడ్డికి బ్రష్ కట్టర్, అంటే భుజానికి తగిలించుకుని గడ్డి కోసే ఇంజను మిషను, సరిపోతుందా అని అడిగేవాళ్లకు నేను ఒకటే చెబుతాను. తోట మొత్తాన్ని దానితోనే కోయాలనుకుంటే సరిపోదు. సాళ్ల మధ్య వెడల్పు జాగాను చిన్న ట్రాక్టరు వెనక తగిలించి గడ్డి కోసే స్లాషర్‌కు వదిలేసి చెట్ల మొదళ్ల దగ్గర, డ్రిప్పు పైపుల వెంట, గట్ల మీద, కంచె కింద దీన్ని వాడితే మాత్రం ఇంతకన్నా మంచి పనిముట్టును నేను చూడలేదు.

దున్నేస్తే పోయేదానికి కోయడమెందుకు అని మా వైపు చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. నీటినీ ఎరువునూ పీల్చే చీనీ వేళ్లు చాలావరకు పైపై మట్టిలోనే ఉంటాయి. ట్రాక్టరుతో మట్టిని తిరగేసే రోటవేటరు తిప్పిన ప్రతిసారీ అవి తెగుతాయి, తెగిన చోట తెగులుకు దారి దొరుకుతుంది. ఏడాది సగటు వర్షపాతం ఐదొందల మిల్లీమీటర్లకు కాస్త పైన మాత్రమే ఉండే జిల్లా మనది. పడిన ఆ కాస్త వానా ఇంకాలంటే నేల బోసిగా ఉండకూడదు. గడ్డిని రెండు మూడు అంగుళాల ఎత్తున కోసి అక్కడే వదిలేస్తే అది ఎండి మట్టిని కప్పుతుంది, గడ్డి వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. ఇక గడ్డి మందు సంగతి. గ్లైఫోసేట్ అనే గడ్డి మందును తెగుళ్ల నియంత్రణ (పెస్ట్ కంట్రోల్) ఆపరేటర్ల ద్వారానే వాడాలని 2022లో కేంద్రం ఆంక్ష పెట్టింది. ఆ ఆంక్ష లేకపోయినా నేను కొట్టను. గాలికి తుంపర లేత చెట్ల మీద పడితే కొత్త చిగుళ్లు సన్నగా, వంకరగా వస్తాయి.

నేను వాడుతున్నది 35 సీసీ, నాలుగు స్ట్రోకుల ఇంజను ఉన్నది. రెండు స్ట్రోకుల మిషన్లు తేలిక, ధరా తక్కువే. కానీ వాటికి పెట్రోలులో ఆయిలు కొలిచి కలపాలి. పని మనుషుల చేతులు మారే తోటలో ఆ కొలత ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది, ఆయిలు తగ్గితే పిస్టను పట్టేస్తుంది. నాలుగు స్ట్రోకుల దానిలో ఆయిలు వేరుగా ఉంటుంది, పొగా తక్కువ. బరువు మాత్రం ఏడు కిలోల పైమాటే. అందుకే కొనేటప్పుడు ఇంజను శక్తి కంటే ముందు బెల్టు చూడమంటాను. ఒక్క భుజానికి వేసే పట్టీతో రెండు గంటలు కోస్తే మెడ పట్టేస్తుంది. రెండు భుజాలకూ తగిలించుకుని నడుముకు బిగించే బెల్టుతో అదే మనిషి పూటంతా కోయగలడు. దుకాణంలో దీని గురించి ఎవరూ చెప్పరు, వాళ్లు హార్సుపవరు దగ్గరే ఆగిపోతారు.

మా నేలలో అసలు పరీక్ష రాళ్లతోనే. ఇనుప బ్లేడు రాయికి తగిలితే చెయ్యి అదురుతుంది, బ్లేడు అంచు పోతుంది, డ్రిప్పు పైపు అడ్డం వస్తే ఒక్క క్షణంలో రెండు ముక్కలు. అందుకని పాదుల్లో బ్లేడు బదులు గిర్రున తిరిగి గడ్డి కోసే నైలాన్ దారమే. ఆ దారమూ తక్కువది కాదు, లేత చెట్టు మొదలుకు పదే పదే తగిలితే బెరడు చుట్టూ లేచిపోతుంది, అక్కడి నుంచే బంక తెగులు మొదలవుతుంది. మొదలు చుట్టూ జానెడు మేర గడ్డిని చేత్తో పీకించడమే మేలు.

ఎండాకాలం వచ్చేసరికి దారం పెళుసెక్కి నిమిషానికోసారి తెగుతుంది. ముందు రోజు రాత్రి దారపు చుట్టను నీళ్లలో నానబెట్టి చూడండి. నైలాన్ తేమను పీల్చుకుని మెత్తబడుతుంది, చాలాసేపు నిలుస్తుంది. నేలకు తట్టితే దారం బయటికి వచ్చే తల సౌకర్యమే కానీ, గులకరాళ్ల మీద దాని అడుగు గుండీ త్వరగా అరిగిపోతుంది. అదనంగా ఒకటి కొని ఇంట్లో ఉంచుకోవాలి.

గట్ల మీద ఎదిగిన ఉత్తరేణికి, ముళ్ల కంపకు మూడు పళ్ల బ్లేడు బాగా పనిచేస్తుంది. వయ్యారిభామ (పార్థీనియం) కలుపును పూత రాకముందే కోయాలి. పూత వచ్చాక కోస్తే పుప్పొడి ముఖమంతా పడి ఒళ్లు దద్దుర్లు లేస్తాయి, తుమ్ములు ఆగవు. ఆ పనికి నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ లేకుండా ఎవరినీ పంపను. తుంగ మాత్రం ఈ మిషనుకు లొంగదు. కోసిన నాలుగు రోజులకే గడ్డ నుంచి మళ్లీ మొలుస్తుంది.

పశువుల మేత కోసం కోస్తుంటే నైలాన్ దారం వద్దు, గడ్డి తునాతునకలై మట్టితో కలుస్తుంది, తెగిన దారం ముక్కలు మేతలోకి వెళతాయి. ఎక్కువ పళ్లున్న గుండ్రటి బ్లేడుతో కోస్తే గడ్డి ఒక వైపుకు వాలి పడుతుంది, పనలు కట్టుకోవచ్చు.

మరమ్మతుల మీద పెద్దగా ఖర్చు కాలేదు. కొత్త మిషనుకు మొదటి పది గంటల పని తర్వాత, ఆ పైన యాభై గంటలకోసారి ఆయిలు మార్చాలి. దుమ్ములో కోసిన రోజు గాలి ఫిల్టరు స్పాంజిని కడిగి ఆరబెట్టాలి. బ్లేడు దగ్గరి గేరు పెట్టెకు గ్రీజు పెట్టడాన్ని చాలామంది మరిచిపోతారు, ఆ పెట్టె వేడెక్కి మోత పెడితే కారణం అదే. పూతకు ముందు నీళ్లు ఆపి చెట్లను బెట్టకు తెచ్చే రోజుల్లో గడ్డీ ఎదగదు, మిషను వారాల తరబడి మూలన ఉంటుంది. అప్పుడు ట్యాంకులో పెట్రోలు ఉంచకండి. ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పట్టి కార్బురేటరును పాడుచేస్తుంది. ట్యాంకు వంచేసి, ఉన్న చుక్క అయిపోయి ఇంజను ఆగేదాకా తిప్పి అప్పుడు లోపల పెట్టాలి.

రెండు మూడెకరాల తోటకు కొనడం కన్నా ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గర అద్దెకు తెచ్చుకోవడం నయం. పదెకరాలు దాటితే సొంతది ఉండాలి, ఎందుకంటే వాన పడిన వారంలో అందరికీ ఒకేసారి కావాలి. నడిపే మనిషికి కళ్లద్దాలు, మోకాళ్ల దాకా బూట్లు, చెవులకు మూతలు మిషనుతో పాటే కొనండి, వాటి ఖర్చు తగ్గించుకోవద్దు. ఎగిరిన రాయి చాలా దూరం పోతుంది, కోసేవాడికి పదిహేను మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదు. తోటలో గొర్రెల మంద తోలిన రోజు మా మిషను షెడ్డులోనే ఉంటుంది.