కెమెలియా పూల మొక్క ఆన్‌లైన్‌లో తెప్పించా, ఏడాదిన్నర తర్వాత రివ్యూ

ప్యాకింగ్ మాత్రం సూపర్, వేరు ముద్ద చెక్కుచెదరలేదు, ఆకులు నిగనిగలాడుతూ వచ్చాయి. కానీ ట్యాగ్ మీద "నీడలో పెట్టండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు, అసలు విషయం మట్టి కదా! ఇది టీ మొక్కకి చుట్టం, దీనికి ఆమ్ల గుణం ఉన్న మట్టే కావాలి, పీహెచ్ (ఆమ్ల గుణం ఎంతుందో చెప్పే కొలత, 7 కంటే తక్కువైతే ఆమ్లం) 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే హాయి. నేనేమో తెలీక మామూలు మట్టిలో పాతేసి సున్నం ఎక్కువున్న నీళ్లు పోశా, ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి, అంటే ఐరన్ అందట్లేదన్నమాట. మట్టి మార్చి వాన నీళ్లు పట్టి పోస్తే అప్పుడు తేరుకుంది.

గాలి కొట్టకుండా గోడ చాటున పెట్టడం బానే పనిచేసింది, కాకపోతే తూర్పు వైపు వద్దు, మంచు పట్టిన మొగ్గల మీద పొద్దున్నే ఎండ పడితే మాడిపోతాయి. ఇంకోటి, మొగ్గ కట్టేది వేసవి చివర్లో, అప్పుడు నీళ్లకి బద్ధకిస్తే తర్వాత టపటపా రాలిపోతాయి, మొదటిసారి నాకు విచ్చుకున్నవి రెండే రెండు. ఈసారి కొమ్మ కొమ్మకీ పూసింది, వాసనే లేదు పాపం.

మొక్కకి 5 స్టార్లు, ట్యాగ్ రాసినాయనకి 2.